అడవికి కట్టే మూట

అడవికి పోయే మనిషి వెంట మూట ఎంత ఉండాలన్న దాని మీద మా అత్తకూ నాకూ ఒక ఎండాకాలమంతా జగడం నడిచింది. కొట్లాడుకోవడానికి ఇంతకంటే పెద్ద సంగతి దొరకలేదా అని మీరనుకోవచ్చు. ఆ ఏడు మా ఇంట్లో నిజంగానే ఇంకేమీ మిగల్లేదు. గాదెలో గింజలు అడుగంటాయి. బావి ఎండింది. నా చేతి గాజులు అంతకుముందే ఆళ్ళగడ్డ దాకా పోయి తిరిగి రాలేదు. మిగిలింది మనుషులు నలుగురు, కొన్ని గొడ్లు, ఆ మూట.

కర్నూలు రాజధాని అయిందని నంద్యాలలో మా పుట్టింటివాళ్ళు సంబరపడ్డ తరువాత వచ్చిన ఎండాకాలం అది. మా అత్తగారి ఊరు ఆళ్ళగడ్డ దాటి, రుద్రవరం దాటి, నల్లమల కాళ్ళ దగ్గర ఉంటుంది. రాజధాని ఎక్కడుంటే ఆ ఊరికి ఏం? రెండేళ్ళు వరసగా వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు లేచి ఎండిపోయింది. గొడ్లకు వేయడానికి చొప్ప లేక కొట్టం మీద కప్పిన బోదగడ్డి పీకి వేశాం. ఆ గడ్డి ఎంత పదునో అప్పుడే తెలిసింది, ఎందుకంటే దాన్ని పీకినందుకు చేతులు చీరుకుపోయి నెల రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. కలుపుకోవడానికి అన్నం ఉన్నదీ తక్కువే లెండి.

వాన లేని ఏడు ఆ పక్క ఊళ్ళవాళ్ళు గొడ్లను నల్లమలకు తోలుతారు. లోపల ఒక చెలమ చూసుకొని, దాని పక్కన ముళ్ళకంప కొట్టి దొడ్డి కడతారు. దాన్ని మంద అంటారు. ఇంటికొకరు అక్కడ కాపలా ఉండాలి. మా ఇంట్లో వంతులు ఇద్దరివి. ఒకటి మా ఇంటాయనది, ఇంకోటి ఆయన అన్నది, అంటే మా బావది. బావకు పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఒకరు ఎక్కితే ఒకరు దిగాలి. వంతుకు పోయినవాడు వారం దాటి కూడా ఉండాల్సి వచ్చేది కాబట్టి, వెంట మూట కట్టి పంపడం ఆడవాళ్ళ పని. మా ఇంట్లో ఆ పని మా అత్తది. నన్ను ముడి కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

మూటలో ఏముండాలన్న దాంట్లో మాకు తగవు లేదు. జొన్నరొట్టెలు చేసి, వాటిని సన్నసెగ మీద మళ్ళీ కాల్చి గలగలలాడేలా ఎండబెట్టాలి. ఉప్పు, మిరపపొడి, చింతపండు, ఉల్లిగడ్డలు, ఉంటే బెల్లంముక్క. దెబ్బ తగిలితే పెట్టడానికి పసుపు, కట్టడానికి పాతచీర పేలిక. అగ్గిపెట్టె, దాని చుట్టూ నూనెగుడ్డ. మూటకు బయట కంబళి, గొడ్డలి, తాగే నీళ్ళకు ఒక సొరబుర్ర, లోతు గుంటల్లోంచి చేదుకోవడానికి ఇత్తడి ముంతా తాడూ. తగవంతా రొట్టెలు ఎన్ని, నీళ్ళు ఎన్ని అన్న దగ్గరే.

మా అత్త రొట్టెల మనిషి. మా మామ, నేను ఆ ఇంటికి రాకముందు, తప్పిపోయిన బర్రె కోసం వట్టి చేతులతో అడవిలోకి పోయి దారి తప్పాడట. ఎప్పటికో ఊళ్ళోవాళ్ళు వెతికి పట్టుకొచ్చేసరికి ఆకులు నములుతూ ఉన్నాడట. ఇంటికి తెచ్చి గంజి పోస్తే దిగలేదు, పోయాడు. అప్పటినుంచి ఆమెకు అడవి అంటే ఆకలి. "కడుపులో ఇంత కూడుంటే మనిషి సావడు" అని, మేం ఇంట్లో పలచని అంబలి తాగుతున్నా సరే, కొడుకు మూటలో మాత్రం రొట్టె మీద రొట్టె పేర్చేది. ఆమె తిన్నది నేను చూడలేదు. ఆ సంగతి చెప్పకపోతే నాది అన్యాయం అవుతుంది.

నాది వేరే లెక్క. మా నాయన నంద్యాలలో పత్తి మిల్లుకు బాడిగ బండి తోలేవాడు. కట్టిన పత్తి దిండ్లు ఇంకో రెండు వెయ్యమని షావుకారు పోరుపెడుతుంటే ఎద్దు మెడ మీద చెయ్యి వేసి చూసేవాడు. "బండికి ఎంత ఎయ్యాల్నో ఎద్దునడుగు, షావుకారిని అడగాకు" అనేవాడు మాతో. ఆ మాట వింటూ పెరిగినదాన్ని కాబట్టి, మా అత్త మూట కడుతుంటే నేను మూట వైపు చూసేదాన్ని కాదు, మా ఇంటాయన భుజం వైపు చూసేదాన్ని. ఆయనది సన్నని ఒళ్ళు. కొండదారి, మంట ఎండ. అంత బరువు మోస్తూ ఎక్కేవాడికి రొట్టె కంటే నీళ్ళు ఎక్కువ కావాలి. పైగా ఆ రొట్టె నీళ్ళు లేకుండా గొంతు దిగదు. ఈ మాట మా అత్తకు ఎన్నిసార్లు చెప్పానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"నీకేం తెల్సునే, నంద్యాలలో కుళాయి కాడ పెరిగినదానికి? అడివిలో నీళ్ళు యాడో ఓ చెలమలో ఉంటాయి. రొట్టెలు చెట్లకు కాస్తాయా?"

"చెలమ దాకా పోవల్ల గదత్తా!"

"పోతాడు. వాని అబ్బ పుట్టింది ఆ అడివిలోనే."

మా ఇంటాయన ఈ జగడంలో ఎవరి పక్కా కాదు. "మీరిద్దరూ నా ఈపు మీదెక్కి కొట్లాడుతాండారు, అదీ నేనే మోయాల" అని నవ్వేవాడు. తల్లికి ఎదురు చెప్పడం ఆయన వల్ల కాదు. నా మాట తోసెయ్యడమూ ఆయన వల్ల కాదు. అందుకని మేమిద్దరం ఒక ఉపాయం చేసుకున్నాం.

ఊరి బావి ఎండాక ఆడవాళ్ళం వంకలో ఇసుక తోడి నీళ్ళు ముంచుకునేవాళ్ళం. అడవి దారి ఆ వంక దాటే పోవాలి. ఆయన బయలుదేరే ముందే నేను కడవ తీసుకొని వంకకు పోయేదాన్ని. నాదొక సొరబుర్ర ఉండేది, సొంతంగా ఎండబెట్టి, గింజలు దులిపి, మూతికి తాడు కట్టుకున్నది. దాన్ని నీళ్ళతో నింపి పెట్టేదాన్ని. ఆయన వచ్చి మూట విప్పి రొట్టెలు సగం నాకిచ్చేవాడు. నేను ఆ రెండో బుర్ర ఆయన భుజానికి తగిలించేదాన్ని. భుజం కొంచెం లేచేది. అది చూస్తే నాకు ప్రాణం కుదుటపడేది.

ఆ రొట్టెలు నేనేం చేసేదాన్నంటే, తినేదాన్ని. అక్కడే, ఇసుకలో కూర్చొని, నీళ్ళలో నానబెట్టుకొని. ఆకలి. కోడలు ఇంట్లో ఆఖరున తింటుంది, ఆఖరుకు కుండలో ఏమీ ఉండదు. మిగిలినవి ఒళ్ళో కట్టుకొచ్చి ఒక గంపలో చాటుగా దాచి, రోజుకింత తినేదాన్ని. ఇందులో సిగ్గుపడాల్సింది నాకు అప్పుడూ కనబడలేదు, ఇప్పుడూ కనబడదు.

ఒకనాడు మా అత్త ఆ గంపలో చెయ్యి పెట్టింది. కొడుకు వెంట పంపిన రొట్టెలు, ఆమె వేళ్ళ అచ్చులు పడ్డవి, ఆమె చేతిలోకి వచ్చాయి. ఇంక చూడండి. నన్ను రెక్క పట్టుకొని వీధిలోకి ఈడ్చింది.

"సూడండమ్మా, సూడండి! మొగుని నోటికాడి కూడు దొంగిలిచ్చి తింటాంది! వాడు ఆడ అడివిలో ఎండుతాంటే ఇది ఈడ మెక్కుతాంది!"

నేను బరువు సంగతి చెప్పాను, నీళ్ళ సంగతి చెప్పాను, బుర్ర తెచ్చి చూపించాను. ఎవరు వింటారు? కరువులో దాచుకు తిన్న మనిషి మాటకు విలువేముంటుంది? ఒకామె నా మొహం మీదే ఉమ్మేసి పోయింది. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని సామెత కట్టినవాళ్ళకు మా ఇల్లు తెలిసే ఉండాలి. ఆ రోజునుంచి మా ఉపాయం ముగిసింది. "వంక దాటిందాకా నేనే పోతా, ఎవురు ఏం దొంగిలిస్తారో చూస్తా" అంది మా అత్త. అన్నట్టే చేసింది.

కాడి ఎద్దులు రెండింటిని మాత్రం అప్పటిదాకా ఇంట్లోనే కట్టుకొని ఉన్నాం. వాన పడితే దున్నాలి కదా, అడవిలో పులికో దేనికో పోతే సేద్యమే పోతుంది. కొట్టం బోద కూడా అయిపోయాక ఇక లాభం లేదని, వాటిని కూడా మందకు తోలుకుపొమ్మని ఆయనతో చెప్పింది మా అత్త. మందలో బావ వంతు ముగియవచ్చింది. దొడ్డికి కొత్త కంప కొట్టాల్సిన పని కూడా ఉంది.

ఆ పొద్దున మూట కట్టడం నేను చూస్తూ నిలబడ్డాను. అంతకుముందు నేను తిన్న రొట్టెలన్నీ ఆ ఒక్కసారే తీర్చాలన్నట్టు కట్టింది. ఎత్తి చేత్తో పట్టుకుపోయే మూట కాదది. వీపున వేసి, గుడ్డ కొసలు రెండూ రొమ్ము మీదికి తెచ్చి ముడి వేయాల్సి వచ్చింది. రెండు ఎద్దుల పగ్గాలు ఒక చేతిలో, గొడ్డలి ఒక చేతిలో, భుజాన కంబళి, ఇంకో భుజాన బుర్ర, నడుముకు ముంతా తాడూ. నేను కడవతో వెనకాలే పోయాను. కడవలో నా రెండో బుర్ర దాచాను.

వంక దగ్గర దాన్ని తీశాను. మా అత్త చూసింది.

"ఇద్దో," అన్నాను ఆయనతో, ఆమె ముందే, "ఆ రొట్టెలు సగం దించి ఈ నీళ్ళు తీస్కపో. నేను తినను. నీ తల్లే తీస్కపోనీ ఇంటికి."

"నా కొడుకు ఆకలితో పోవాల్నా? అట్ల చెప్పు, అట్ల చెప్పవే!"

ఆయన ఒకసారి నా మొహం చూశాడు, ఒకసారి తల్లి మొహం చూశాడు. ఎద్దులు పగ్గం గుంజుతున్నాయి. "ఉండనీ మ్మే," అన్నాడు నాతో. "ఇంగ యాడ తగిలిచ్చుకుందు? మాపటికి మంద చేరుకుంటా. ఆడ చెలమ ఉండాది గదా." మూట కింద వంగి నడుస్తూ పోయాడు. నేను ఆ బుర్రలో నీళ్ళు ఇసుకలో పారబోసి ఇంటికొచ్చాను. నీళ్ళు పారబోసినందుకు మా అత్త మళ్ళీ తిట్టింది.

ఆయన మంద చేరితే బావ దిగి రావాలి. బావ రాలేదు. ఇద్దరూ కలిసి కంప కొడుతున్నారేమో అనుకున్నాం. మరునాడూ రాలేదు. అయినా అదే అనుకున్నాం. అక్కడ బావ ఏమనుకున్నాడంటే, ఎద్దులను పంపడానికి అమ్మకు మనసు రాలేదేమో, తమ్ముడు ఇంకా బయలుదేరలేదేమో అని. పైన వాళ్ళు ఇంట్లో ఉన్నాడనుకున్నారు, ఇంట్లో మేము పైన ఉన్నాడనుకున్నాం. ఆ రోజుల్లో నేను రాయి మీద మిరపకాయలు నూరుతూ, మా అత్త మీద ఇంకా కోపంగా, ఆయన దిగి రాగానే ఏమేం చెప్పాలో కూడబెట్టుకుంటూ ఉన్నాను. 

ఎద్దులు తమంతట తామే మందకు చేరాయి. నీళ్ళ వాసన పట్టుకొని పోయుంటాయి. పగ్గాలు నేల మీద ఈడ్చుకుంటూ రెండూ చెలమలో మూతి పెట్టాక గానీ బావకు విషయం అర్థం కాలేదు.

బావ దిగి వచ్చింది మిట్టమధ్యాహ్నం. వెంట మందలో ఉండే ఊరివాళ్ళు ఇద్దరు. బావ చేతిలో మా ఇంటాయన కంబళి, గొడ్డలి, ఇత్తడి ముంతా తాడూ, బుర్ర. అరుగు మీద ఒక్కొక్కటీ వరసగా పెట్టాడు. మనిషి లేడు. ఎండకు శవం ఆగదని అక్కడే కట్టెలు పేర్చి కాల్చి వచ్చారు. నాకు చూపించను కూడా లేదు.

బావ మెల్లగా చెప్పాడు. దారిలో ఎలుగుబంటి వాసనకో ఏమో ఎద్దులు బెదిరి పగ్గాలు చేతిలోంచి గుంజుకొని పరుగెత్తినట్టున్నాయి. ఆయన వాటి వెంట పడ్డాడు. అవి పోయిన జాడ పట్టుకొని బావ వాళ్ళు వెతుకుతూ పోతే ముందు కంబళి దొరికింది, ఒక కొమ్మకు మడిచి వేసి ఉంది. చాలా దూరం పోయాక గొడ్డలి, చెట్టుకు ఆనించి ఉంది. ఇంకా పైన ముంతా తాడూ, రాయి మీద చుట్ట చుట్టి పెట్టి ఉన్నాయి. తరువాత బుర్ర, ఖాళీగా. కొండ ఎక్కలేక ఒక్కొక్క బరువూ దించుకుంటూ పోయాడు. ఆఖరున ఒక దొన. రాతి నెర్రెలో నీళ్ళు నిలిచే గుంట అది, చెయ్యి చాస్తే అందనంత లోపల ఉన్నాయి నీళ్ళు. ముంత కింద వదిలేశాడు కాబట్టి, తలగుడ్డ విప్పి నీళ్ళలోకి వదిలి, తడిపి పిండుకొని తాగాలని వంగినట్టున్నాడు. వీపు మీద మూట అట్లే ఉంది. వంగేసరికి ఆ బరువు మెడ మీదికి జారి మనిషిని తలకిందులుగా నెర్రెలోకి తోసింది. తల రాతికి తగిలింది.

 బావ చెప్పడం ఆపాక మొదట నోరు తెరిచింది మా అత్త.

"తిన్న్యాడా?"

బావ తల వంచుకున్నాడు. "ముడి గూడా ఇప్పల్యా మా. కట్టింది కట్టినట్టే ఉండాది."

ఆమె గుండె బాదుకొని ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. అరుగు మీద సామాను ముందు కూలబడి, ముంతను ఒళ్ళోకి తీసుకొని దాని లోపలికి చూస్తూ కూర్చుంది. ఏడ్చింది నేను. ఊరంతా వినేలా ఏడ్చాను, ఏడుస్తూనే ఆమెను తిట్టాను, నా నోటికి వచ్చిన ప్రతి మాటా అన్నాను. ఎవరూ నన్ను ఆపలేదు.

ఆ తరువాత నంద్యాలనుంచి వచ్చిన మా చుట్టాలు పరామర్శకు కూర్చొని అడిగారు, అంత తెలివిలేనివాడా, ముందు ఆ రొట్టెల మూట విసిరికొట్టుంటే పోయేది కదా అని. వాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు. కంబళి చెట్టున వేసి పోతే మళ్ళీ వచ్చి తీసుకోవచ్చు. గొడ్డలిని ఎవరూ తినరు, ముంతను ఎవరూ తినరు. రొట్టెలు మాత్రం దించి పది అడుగులు వేస్తే కోతులు ఎత్తుకుపోతాయి. ఇంట్లో వాళ్ళు అంబలి తాగి, వాళ్ళ నోళ్ళు కట్టుకొని కట్టిన రొట్టెలవి. మా ఊళ్ళో ఆ ఏడు వాటిని నేల మీద పెట్టి వచ్చే మనిషి లేడు. మా ఇంటాయనే కాదు, బావా పెట్టడు, నేనూ పెట్టను. ఆయన తెలివి తప్పి చేసిందేమీ లేదు. మా ఊరి మనిషిగా ఎట్లా చేయాలో అట్లాగే ఒక్కొక్కటీ ఆలోచించి దించాడు.

దినాలు అయిపోయాయి. వాన మాత్రం రాలేదు. మందలో మా గొడ్లను పక్కింటివాళ్ళు ఎన్నాళ్ళని కాస్తారు? బావ మళ్ళీ పైకి పోవాలి. ఇంట్లో మాట్లాడుకునే అలవాటు అప్పటికే పోయింది. మా అత్త ఉన్న జొన్నపిండంతా తీసి రొట్టెలు చేసింది, కాల్చింది, ఎండబెట్టింది. చేసి, మూటగుడ్డ తెచ్చి నా ముందు పరిచింది.

"నువ్వే కట్టు" అంది.

నేను కట్టడానికి కూర్చున్నాను. ఎంత కట్టాలో నాకంటే బాగా ఎవరికి తెలుసు? కొన్ని రొట్టెలు పెట్టాను. బావ తమ్ముడికంటే వయసులో పెద్దవాడు, ఆ నెలలో బాగా చిక్కిపోయాడు, దారిలో నీరసం వస్తేనో అనిపించి ఇంకో రెండు పెట్టాను. దారి తప్పితేనో అని ఇంకొన్ని. మా మామ ఆకులు నమలడం నా కళ్ళతో నేను చూసినదానిలా గుర్తొచ్చింది, ఇంకొన్ని. చెయ్యి ఆగడం లేదు. మా అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"చాల్లేమ్మే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడు చాలా? ఈ మాట నీ నోట్లోంచి ఆ పొద్దు ఎందుకు రాల్యా? వంక కాడ ఎందుకు రాల్యా?" అని అరిచాను.

ఆమె నా చెయ్యి వదల్లేదు. గొంతు పెంచలేదు కూడా. "నా మొగుడు ఆకలికి పాయ," అంది. "నీ మొగుడు మూట మోసి పాయ. ఇంగ వీడు దేనికి పోతాడో నాకేం తెల్సు? నీకు తెల్సా?"

నాకు తెలియదు. రొట్టెలు గుడ్డ మీద అట్లే ఉన్నాయి. నేను తియ్యలేదు, ఆమె వెయ్యలేదు. ఇద్దరమూ ఆ గుడ్డకు చెరో పక్క కూర్చున్నాం. పొద్దెక్కుతోంది, ఇంక ఆలస్యమైతే ఎండలో ఎక్కాల్సి వస్తుందని బావ వాకిట్లోంచి రెండుసార్లు చూసిపోయాడు. మూడోసారి లోపలికి వచ్చి, మా ఇద్దరి మధ్య గొంతుక్కూర్చొని, తనకు తోచినన్ని తీసుకొని తానే ముడి వేసుకున్నాడు. ఎన్ని పెట్టుకున్నాడో మేమిద్దరం చూడలేదు.